అంగారకుడిపై పంట: గాజుకప్పు కిందా, నేల కిందా?

అంగారకుడిపై మనుషులు ఏళ్ల తరబడి నివసించాలంటే తిండిని అక్కడే పండించుకోక తప్పదు. అందుకు ఇంజినీర్లు ప్రధానంగా రెండు మార్గాలు చూపుతున్నారు. సూర్యకాంతిని లోనికి రానిచ్చే హరితగృహాన్ని ఉపరితలంపై కట్టడం ఒకటి. మట్టి కింద గది నిర్మించి ఎల్‌ఈడీ దీపాల వెలుగులో మొక్కలు పెంచడం మరొకటి.

ఊహాచిత్రాల్లో ఎక్కువగా కనిపించేది మొదటిదే. వెలుతురుకు ఖర్చు లేకపోవడం దాని బలం. అయితే అంగారకుడి వద్ద చదరపు మీటరుకు అందే సౌరశక్తి సగటున 590 వాట్లు, అంటే భూమి వద్ద అందేదానిలో 43 శాతం. కప్పు పొరలూ, వాటిపై పేరుకునే ధూళీ అందులోనూ కొంత మింగేస్తాయి. మిగిలినది ఆకుకూరలకు సరిపోవచ్చు గాని, గోధుమ వంటి పైర్ల దిగుబడి పడిపోతుంది. 2018 జూన్‌లో గ్రహాన్ని కమ్మిన ధూళి తుఫాను వల్ల సౌరఫలకాలపై ఆధారపడిన ఆపర్చ్యునిటీ రోవర్ శాశ్వతంగా మూగబోయింది. అటువంటి చీకటి వారాల తరబడి నిలిస్తే పొట్టకొచ్చిన పైరు దక్కదు.

పీడనం అంతకన్నా పెద్ద చిక్కు. అక్కడి గాలి పీడనం భూమిపై ఉన్నదానిలో ఒక శాతమైనా లేదు కనుక, లోపల మనకు అలవాటైన పీడనం ఉంచితే కప్పులోని ప్రతి చదరపు మీటరునూ సుమారు 10 టన్నుల బలం బయటికి నెడుతుంది. పీడనాన్ని మొక్కలు ఓర్చుకునేంతకు తగ్గించవచ్చు. అప్పుడు తోటపనికి వెళ్లేవారు ఆక్సిజన్ మాస్కుతోనో, పీడన దుస్తులతోనో వెళ్లాలి. చలికి మాత్రం ఆశాజనకమైన ఉపాయం ఉంది: రెండు మూడు సెంటీమీటర్ల సిలికా ఏరోజెల్ (వెలుతురును రానిచ్చి వేడిని పోనివ్వని అతి తేలికపాటి పదార్థం) పొర తన కింది భాగాన్ని 50 డిగ్రీల మేర వెచ్చబరచగలదని 2019లో వెలువడిన పరిశోధన సూచించింది.

నేల కింది గదికి ధూళి, చలి బాధలు తక్కువ. క్యూరియాసిటీ రోవర్ ఉపరితలంపై రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్టుల రేడియేషన్ కొలిచింది. భూమిపై సహజంగా ఏడాదికి సోకేది అక్కడ నాలుగు రోజుల్లోపే సోకుతుంది. మొక్కలు దానిని చాలావరకు తట్టుకుంటాయి. మట్టి అండ కావలసింది సాగుచేసే మనిషికే. అంటార్కిటికాలోని నోయ్‌మాయర్ పరిశోధన కేంద్రం వద్ద ఈడెన్ ఐఎస్‌ఎస్ అనే ప్రయోగాత్మక హరితగృహం 2018లో, మట్టి లేకుండా, దీపాల వెలుగులోనే 12.5 చదరపు మీటర్లలో 268 కిలోల కూరగాయలు పండించింది. అయితే అవి దోస, టమాటా, ఆకుకూరల వంటివి, కడుపు నింపే గింజలు కావు.

ఈ పద్ధతికి అసలు ఖర్చు విద్యుత్తు. ఒక మనిషి పూర్తి ఆహారానికి 50 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 200 వాట్ల దీపాలు అనుకుంటే, దీపాలు వెలిగినంతసేపూ 10 కిలోవాట్లు కావాలి. నాసా కిలోపవర్ పథకంలో తలపెట్టిన అణు రియాక్టర్ల గరిష్ఠ సామర్థ్యం కూడా అంతే. అంటే తలకొక రియాక్టర్.

ఇంత భారమైనా, తొలి బృందానికి నేల కింది గదే మేలని నా అభిప్రాయం. గింజధాన్యాలను మొదట్లో భూమి నుంచే ఎండు సరుకుగా తీసుకెళ్లి, దీపాల కింద కూరగాయలకే పరిమితమైతే విద్యుత్తు అవసరం బాగా తగ్గుతుంది. ఉపరితల హరితగృహాన్ని తరువాత, దాని పంట మొత్తం పోయినా ఎవరూ పస్తుండనంత నిల్వ చేరాక, చిన్నగా మొదలుపెట్టవచ్చు.