పాత సింగిల్ స్ట్రోక్ ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? లీవర్ మూశాక రెండు నిమిషాలు ఆగి పేల్చి చూడండి

మా అమ్మాయికి పదమూడేళ్లు. హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఏడాది పాటు రేంజ్ వాళ్ల తుపాకీతో సాధన చేశాక, సొంతది ఒకటి ఉంటే బాగుంటుందని 85 వేలు పెట్టి ఒక పాత సింగిల్ స్ట్రోక్ మ్యాచ్ రైఫిల్, అంటే ఒక్క తోపుతో గాలి నింపుకునే పోటీ తుపాకీ తెచ్చాను. ప్రస్తుతం అది అటక మీద పాత పరుపు పక్కన పడి ఉంది. ఇలాంటిదే కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

అమ్మినవాడి ప్రకటన నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సిలిండర్ గొడవ లేదు, స్ప్రింగు కుదుపు లేదు, లైసెన్సు అక్కర్లేదు. పోటీకైనా తోటకైనా ఒకటే తుపాకీ." మొదటి రెండూ నిజమే. మూడోదీ నిజమే కానీ అందులో ఈ తుపాకీ గొప్పేమీ లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌళ్లు దాటని ఏ గాలి తుపాకీకైనా లైసెన్సు అవసరం లేదు. నాలుగోది పచ్చి అబద్ధం.

నేను మోసపోయింది సిలిండర్ మాట దగ్గర. ఇప్పుడు పోటీల్లో అందరి చేతుల్లో ఉండేది పీసీపీ, అంటే ముందే 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన సిలిండర్ ఉన్న రైఫిల్. కొత్తది లక్షల్లో ఉంటుంది. పాతది చవగ్గా దొరికినా సిలిండర్‌కు తయారీదారులు పదేళ్ల గడువు పెడతారు, అది తీరితే కొత్త సిలిండర్ కొనాల్సిందే. చేతి పంపుతో నింపాలంటే చెమటలు పడతాయి. సింగిల్ స్ట్రోక్‌లో ఈ తలనొప్పులేవీ లేవు. పక్కనున్న పొడవాటి లీవర్ తెరిచి మూస్తే ఒక గుండుకు సరిపడా గాలి లోపల బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు కదిలే బరువైన పిస్టన్ ఉండదు. జాతరలో బుడగలు కాల్చే స్ప్రింగు తుపాకీలా భుజం దగ్గర ఎగిరిపడదు. 1970లలో వాల్తర్ ఎల్‌జీఆర్, 1980లలో ఫైన్‌వెర్క్‌బావ్ 600 ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకున్నాయి. పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

దుకాణంలో అతను లీవర్ మూసి, "కాల్చండి సార్" అని వెంటనే నా చేతికిచ్చాడు. అయిదు గుండ్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోయాయి. నాకు మతి పోయింది.

రేంజ్‌లో కథ మారింది. అమ్మాయి త్వరగా కాల్చినప్పుడు తొమ్మిది, పది. నిదానంగా గురి చూసి, మనసు కుదరక ఒకసారి దించి, మళ్లీ ఎత్తి కాల్చినప్పుడు ఏడు, ఆరు. తప్పిన ప్రతి గుండూ సరిగ్గా కిందికే. "ఊపిరి మీద పట్టు రావడం లేదమ్మా" అన్నారు కోచ్. పిల్ల రెండు వారాల పాటు ఊపిరి సాధన చేసింది పాపం. చివరికి ఒక సీనియర్ కుర్రాడు గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తెచ్చి పెట్టాడు. లీవర్ మూసిన వెంటనే కాలిస్తే సెకనుకు 168 మీటర్లు. రెండు నిమిషాలు ఆగి కాలిస్తే 131. పది మీటర్ల దూరంలో ఆ తేడాకు గుండు దాదాపు సెంటీమీటరు కిందికి దిగుతుంది. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు! తుపాకీ ఖాళీగా ఉంచి, లీవర్ మూసి, గుండు పెట్టే చోట టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే అది సన్నగా వణికింది. వాల్వు దగ్గర గాలి కారిపోతోంది. తప్పు పిల్లది కాదని తెలిసి ఊరట, తిట్టినందుకు సిగ్గు, రెండూ ఒకేసారి కలిగాయి.

ఈ రకంలో గాలి కారిపోకుండా ఆపే సీల్ ప్రాణంతో సమానం. పీసీపీలో గాలి కొంచెం కారినా సిలిండర్‌లో ఇంకా నిల్వ ఉంటుంది. ఇక్కడ ఉన్నదే ఒక్క తోపు గాలి. లీవర్ మూసినప్పుడు పిస్టన్ ముఖం వాల్వుకు దాదాపు ఆనుకోవాలి. సీల్ అరిగి అక్కడ కాస్త ఖాళీ మిగిలినా ఒత్తిడి పడిపోతుంది. పోనీ రెండుసార్లు కొడదామా అంటే కుదరదు, లీవర్ మళ్లీ తెరిస్తే మొదటి గాలి బయటికి పోతుంది. పలుమార్లు పంపు కొట్టే రకం వేరు, దీన్ని దానితో కలపకండి. సీల్ కిట్ కోసం రెండున్నర నెలలు తిరిగాను. లేత్ పనివాడితో చేయించిన రింగు నాలుగు రోజులు నిలిచింది. అమ్మినవాడు మాత్రం "అప్పుడు బాగానే కాల్చారు కదా సార్" అన్నాడు. అక్కడే ఉంది కిటుకంతా.

సీల్ బాగున్నా ఇంకో మాట ఆలోచించండి. పోటీలో 60 గుండ్లంటే 60 సార్లు లీవర్. చివరి రెండంగుళాల దగ్గర మా అమ్మాయి తుపాకీ వెనక భాగాన్ని తొడకు ఆనించి, పళ్లు బిగించి నొక్కేది. ఇరవయ్యో గుండుకే భుజం వణికేది. ఆ చేత్తోనే మళ్లీ కదలకుండా గురి పెట్టాలి. తుపాకీ నేను ఎత్తి చూసి కొన్నాను, ఆ లీవర్ పిల్ల చేత ముప్పైసార్లు మూయించి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఇక తోట సంగతి. నూజివీడు దగ్గర మామిడి తోట ఉన్న మా బావమరిది "కోతులను తోలడానికి పనికొస్తుందా బావా?" అని అడిగాడు. మనిషి ఒక్క తోపులో పెట్టగల బలం ఎంతో ఈ తుపాకీ శక్తి అంతే. మ్యాచ్ రైఫిల్ 7.5 జౌళ్లకు అటూ ఇటూగా ఉంటుంది, అది కాగితానికి చాలు. అయినా మూగజీవాల మీద ఏ తుపాకీ ఎక్కుపెట్టినా తప్పేనని చెప్పి పంపాను. అతను టపాసులు కొనుక్కున్నాడు.

అమ్మాయి మళ్లీ రేంజ్ వాళ్ల పీసీపీతోనే కాలుస్తోంది. నిన్న ఆ అమ్మినవాడి కొత్త ప్రకటన కనిపించింది. మరో రైఫిల్, కింద అదే ఆకుపచ్చ దుప్పటి, పైన అదే మాట: "పోటీకైనా తోటకైనా ఒకటే తుపాకీ."