హెడ్‌లైటు వెలుగు చాలడం లేదా? రిలే వైరింగు, వంద వాట్ల బల్బు, ఎల్‌ఈడీ: ఏది మేలు?

ఊరు దాటగానే ముందున్న రోడ్డు కనిపించడం లేదని పాత కారు తీసుకుని విడిభాగాల దుకాణానికి వెళితే మొదట చెప్పేది వంద వాట్ల బల్బు వేయించుకోమని. కాస్త డబ్బున్న మనిషిలా కనిపిస్తే ఎల్‌ఈడీ జత బయటికి తీస్తారు. ఉన్న బల్బునే ఉంచి, రిలే (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టి బ్యాటరీ నుంచి దానికి నేరుగా కొత్త వైరు లాగే దారి ఒకటుందని అడిగితే తప్ప చెప్పరు. నా ఓటు ఆ మూడో దారికే. కారణం ఒక కొలతలో ఉంది.

మా కారుకు పద్నాలుగేళ్లు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెడితే 14.1 వోల్టులు చూపించింది. డిమ్ లైటు వేసి, బల్బు వెనక హోల్డరు దగ్గర పెడితే 12.2 మాత్రమే. మిగతా దాదాపు రెండు వోల్టులు దారిఖర్చు. బ్యాటరీ దగ్గర బయల్దేరిన కరెంటు ఫ్యూజుల పెట్టె మీదుగా స్టీరింగు పక్కనున్న స్విచ్చి దాకా వెళ్లి, మళ్లీ ముందుకు తిరిగి రావాలి. సన్నటి తీగలో, అరిగిన స్విచ్చి రేకుల్లో, తుప్పుపట్టిన ఎర్తు (తీగను కారు బాడీకి కలిపే చోటు) దగ్గర కొంత కొంత వేడిగా మారిపోతుంది. హాలోజన్ బల్బుతో చిక్కేమిటంటే, వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. అంటే మా బల్బు తప్పేమీ లేదు, దానికి తిండి సరిపోవడం లేదు.

ఆకలితో ఉన్నవాణ్ని పంపించి, ఇంకా ఎక్కువ తినేవాణ్ని తెచ్చి కూర్చోబెట్టడమే వంద వాట్ల సలహా. మామూలు హెచ్4 బల్బు (డిమ్, హై బీము ఫిలమెంట్లు రెండూ ఒకే గాజులో ఉండేది) హై బీములో 60, డిమ్ములో 55 వాట్లు. హై బీములో రెండు బల్బులూ కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. 100/90 బల్బులు వేస్తే అది 16 దాటుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే తీగ రెండున్నర రెట్లకు పైగా వేడెక్కుతుంది. పైగా వోల్టేజీ ఇంకా పడిపోతుంది, కొన్న వాట్లలో కొన్ని దారిలోనే కరిగిపోతాయి. మా బావగారి కారులో ఏడాది తిరిగాక హోల్డరు ఊడదీసి చూశాం. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కు బెల్లం పాకం రంగుకు తిరిగింది. ఒక రేకు మెత్తబడిన ప్లాస్టిక్కులో పక్కకు ఒరిగిపోయింది. రిఫ్లెక్టరు (బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె) మీద వెండిరంగు పూత బల్బుకు సరిగ్గా పైన పొగచూరినట్టు మసకబారింది. ఇలాంటి చోట ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేసేవారూ ఉన్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగే కాలుతుంది. చట్టం సంగతి వేరే చెప్పాలా? ఈ వాట్ల బల్బులు మన రోడ్ల మీద వాడటానికి అనుమతించినవి కావు.

ఎల్‌ఈడీ విషయంలో ఇంత కచ్చితంగా కొట్టిపారేయలేను. కరెంటు తక్కువ లాగుతుంది, తీగలు చల్లగా ఉంటాయి, వోల్టేజీ కాస్త పడినా వెలుగు తగ్గదు. ఇంటి ముందు గోడ మీద వేసి చూస్తే కళ్లు చెదురుతాయి. ఆ గోడే మనల్ని మోసం చేస్తుంది. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందివైపు వెలుగును అది ఆపడం వల్లే ఎదుటి డ్రైవరు కళ్లలో పడకుండా పైన చీకటి గీత ఏర్పడుతుంది. రిఫ్లెక్టరు లోపలి వంపులన్నీ ఆ ఫిలమెంటు ఉన్న చోటును లెక్కలోకి తీసుకుని చేసినవే. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు రెండు పక్కలా ఉంటాయి. వాటి చోటు కొద్దిగా మారినా గీత చెదురుతుంది, బంపరు ముందు పది గజాలు తెల్లగా వెలిగిపోయి దూరం చీకటిగానే మిగులుతుంది. ఎదుటివారికి మాత్రం కళ్లు మూసుకుపోయే వెలుగు. ఎల్‌ఈడీని చల్లబరచడానికి వెనకనున్న ఫ్యాను పట్టక రబ్బరు మూతకు కత్తెర వేస్తే తొలి వానకే అద్దం లోపల చెమ్మ చేరుతుంది. అదే మోడలు ఖరీదైన రకానికి కంపెనీ బిగించే పూర్తి ఎల్‌ఈడీ లైటు దొరికి, వైరింగు కుదిరితే నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన లైట్లను చవకగా వస్తున్నాయని తెప్పించుకోకండి. మన లైట్ల వెలుగు ఎడమ అంచు చూపడానికి ఎడమవైపు లేస్తుంది, వాటిది కుడివైపు, అంటే ఎదురుగా వచ్చేవారి మీదికి లేస్తుంది.

ఇక నేను చేయించిన పని. రెండు రిలేలు, ఒకటి డిమ్ముకు, ఒకటి హై బీముకు. పాత వైరింగు ఇప్పుడు రిలేకు సైగ చేస్తుంది, అంతే. బరువు మోసేది కొత్త తీగ. రిలే మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ, 87 నుంచి బల్బులకు, 85, 86 సైగకు. పాత హోల్డరు నేరుగా గుచ్చుకునే సెట్టు దొరుకుతుంది కాబట్టి కంపెనీ వైరు ఒక్కటీ కోయనక్కర్లేదు. కొన్ని కార్లలో స్విచ్చి ఎర్తు వైపు ఉంటుంది. అలాంటి వాటిలో సైగ తీగ ఒక కొసను బాడీకి కలిపితే లైటు వెలగదు, రెండు కొసలూ పాత హోల్డరు నుంచే తీసుకోవాలి.

నేను దగ్గరుండి పట్టుబట్టినవి: పని మొదలయ్యే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయడం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రెండింటికీ వేరు వేరుగా 15 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే దగ్గర పెడితే దాని ముందున్న తీగ ఎక్కడ బాడీకి ఒరుసుకున్నా మంటే. ఎర్తు కోసం రంగు గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేయించాను. మా ఎలక్ట్రీషియన్ తీగలు మెలిపెట్టి టేపు చుట్టబోతే ఆపి, క్రింపు చేయించాను, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కించాను. ఆయనకు కోపం వచ్చింది, టీ తాగాక తగ్గింది.

మళ్లీ మీటరు పెడితే హోల్డరు దగ్గర 13.6. అవే బల్బులు, వెలుగు మాత్రం లెక్క ప్రకారం 45 శాతం దాకా ఎక్కువ. నష్టం లేకపోలేదు: వోల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది, రెండు మూడేళ్లకొకసారి మార్చుకోవాలి. లైట్లను కంప్యూటర్ నడిపే కొత్త కార్లకు ఈ చిట్కా పనికిరాదు, వారంటీ ఉన్నవాటిని అసలే ముట్టుకోవద్దు. మీ లైటు అద్దం పసుపురంగుకు మారి ఉంటే ముందు పాలిష్ పెట్టించండి, వైరింగుతో పనే పడకపోవచ్చు.

చివరి పని గోడ ముందు. చదునైన నేల మీద పది మీటర్ల దూరంలో నిలిపితే డిమ్ గీత బల్బు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మాది అలాగే కుదిరింది. ఆ వారం ఊరి నుంచి డిక్కీలో రెండు బియ్యం బస్తాలతో వస్తుంటే మాత్రం ఎదురొచ్చిన ప్రతి లారీ డిప్పర్ కొట్టింది. వెనక బరువు పడి ముక్కు లేచింది. డ్యాష్‌బోర్డు మీద సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఇలాంటప్పుడు వెలుగును కిందికి దించడానికేనని, కొన్న పద్నాలుగేళ్లకు దాన్ని మొదటిసారి తిప్పాను.