చెన్నైలో దిగేటప్పుడు ఏ వైపు కిటికీ?

హైదరాబాదు నుంచి చెన్నైకి విమానంలో గంటకు కాస్త పైన పడుతుంది. అందులో చివరి పది నిమిషాల కోసమే నేను కిటికీ సీటుకు అదనంగా డబ్బు కడతాను. హైదరాబాదుకు శంషాబాదు, బెంగళూరుకు దేవనహళ్లి, ఈ రెండు విమానాశ్రయాలూ ఊరికి దూరం. అక్కడ దిగేటప్పుడు పొలాలు, గుట్టలు, కొత్త లేఅవుట్లు కనిపిస్తాయి కానీ నగరం దగ్గరగా కనిపించదు. బెంగళూరులో ఉత్తరం వైపు కిటికీ దొరికితే నంది కొండలు చూడవచ్చు, అంతే. చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాకం సంగతి వేరు. ఊరే పెరుగుతూ వచ్చి విమానాశ్రయాన్ని చుట్టుముట్టింది. గాలి అనుకూలిస్తే సముద్రం మీది నుంచి వచ్చి, ఇళ్ల మీదుగా, నది మీదుగా, అడవి పక్కగా దిగుతాం.

గాలి అనుకూలించడమే ఇక్కడ అసలు విషయం. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. చెన్నై ప్రధాన రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి వీస్తుంది కాబట్టి, ముఖ్యంగా ఉదయం పూట, విమానాలు ఎక్కువగా సముద్రం వైపు నుంచి వస్తాయి. ఈశాన్య గాలి మొదలయ్యాక పడమటి వైపు నుంచి దిగుతాయి. వేసవిలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఊళ్లోకి వచ్చాక ఆ ఒక్క రోజులోనే దిశ మారిపోవచ్చు. అందుకే టికెట్ కొన్న రోజున సీటు ఎంచుకోను. వెబ్ చెకిన్ తెరిచాక గాలి అంచనా చూస్తాను. విమానాల దారిని మ్యాపు మీద చూపించే ఉచిత యాప్‌లో, అదే వేళకు ముందు రోజు దిగినవి ఎటు నుంచి వచ్చాయో కూడా చూసి అప్పుడు తేల్చుకుంటాను.

మన వైపు నుంచి వెళ్లేవారికి నేను చెప్పే లెక్క ఇది: నైరుతి నెలల్లో కుడి కిటికీ, ఈశాన్య నెలల్లో ఎడమ కిటికీ. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క.

కుడి కిటికీ అనుభవం ముందు చెబుతాను, ఎందుకంటే నా మనసు దాని మీదే ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన విమానం తీరం దాటి సముద్రం మీదికి వెళ్లి, కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో కుడి రెక్క కిందికి వంగుతుంది. నీళ్ల మీద లంగరేసిన ఓడలు, వాటి వెనక రేవు, ఆ పక్కన సెయింట్ జార్జ్ కోట. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు వర్తకులకు ఇచ్చిన స్థలం అది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసిందంటారు. అక్కడి నుంచి దక్షిణంగా మెరీనా ఇసుక ఒకే వెడల్పాటి పట్టీలా సాగుతుంది. దీపస్తంభం, శాంథోమ్ చర్చి తెల్లని శిఖరం, వాటికి లోపలగా మైలాపూరు గోపురం. పొట్టి శ్రీరాములు గారు 1952లో దీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లు ఆ మైలాపూరులోనే ఉంది. పైనుంచి ఆ ఇంటిని గుర్తుపట్టలేం, కానీ అటు చూడకుండా నేను ఉండలేను.

ఉదయం విమానమైతే ఎండ వెనక నుంచి పడుతుంది కాబట్టి ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది. తీరం దాటాక టి.నగర్ వైపు మేడలు దట్టంగా పరుచుకుంటాయి. చక్రాలు నేలను తాకే ముందు పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్, కిటికీ పక్కనే దాటిపోతుంది. అదే విమానంలో ఎడమ వైపు కూర్చున్నవారికి కూడా మంచి దృశ్యమే ఉంటుంది: అడయారు నది సముద్రంలో కలిసే చోటు, బెసంట్ నగర్, గిండీ జాతీయ ఉద్యానం, ఐఐటీ చెట్లు. పచ్చదనం ఇష్టమైతే ఎడమ, నగరం కావాలంటే కుడి. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు పులికాట్ సరస్సు మాత్రం ఎడమ వైపే పడుతుంది. మెరీనా కోసం నేను దాన్ని వదులుకుంటాను.

డిసెంబరులో కథ తిరగబడుతుంది. పడమటి నుంచి దిగేటప్పుడు ఎడమ కిటికీలో చెంబరంబాక్కం చెరువు, ఆ తర్వాత పోరూరు చెరువు. వానలు బాగా పడిన ఏడాది ఆ నీటి విస్తీర్ణం చూసి తీరాలి. 2015 డిసెంబరులో అడయారు పొంగి విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. రెండో రన్‌వే ఆ నది మీద కట్టిన వంతెన మీదుగానే వెళుతుంది. తిరుగు ప్రయాణంలో సముద్రం వైపు లేచి ఉత్తరానికి, అంటే ఎడమకు తిరుగుతుంది కాబట్టి మెరీనా, రేవు అప్పుడు ఎడమ కిటికీలో కనిపిస్తాయి.

వైపు తేలాక వరుస చూసుకోవాలి. ఎయిర్‌బస్ 320లో సుమారు 10 నుంచి 20 వరకు వరుసలకు రెక్క అడ్డం. రెక్కకు వెంటనే వెనక వరుసల్లో ఇంజను వేడికి దృశ్యం వణుకుతుంది. ముందు వరుసలకు రుసుము ఎక్కువ. చివరి అయిదారు వరుసలు చవక, దృశ్యమూ బాగుంటుంది, దిగడమే ఆలస్యం. బోయింగ్ 737లో ఎడమ వైపు రెక్కకు కాస్త ముందు ఒక చోట ఏసీ గొట్టం గోడలోంచి వెళుతుంది, అక్కడ కిటికీ ఉండదు. ఒక సంస్థ నా దగ్గర కిటికీ సీటు రుసుము తీసుకుని సరిగ్గా ఆ గోడ పక్కన కూర్చోబెట్టింది. అడిగితే సీటు మార్చలేదు, డబ్బు వెనక్కివ్వలేదు. ఇది అన్యాయం. కిటికీ లేని సీటును కిటికీ సీటు ధరకు అమ్మకూడదు. డబ్బు కట్టే ముందు ఆ విమానం సీట్ల పటం వెతికి చూడండి.

విజయవాడ, రాజమండ్రి, కడప వైపు ఏటీఆర్, అంటే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం, దొరికితే వదలకండి. రెక్క కిటికీల పైన ఉంటుంది, ఎత్తు తక్కువ, వేగం తక్కువ. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు కుడి వైపు తీరమంతా, చివర పులికాట్‌తో సహా, తీరుబడిగా చూడవచ్చు. ప్రొపెల్లరు పక్క వరుసల్లో చప్పుడు ఎక్కువ, వెనక్కి జరగండి.

బసకు విమానాశ్రయం ఎదురుగా తిరుశూలం, కాస్త అవతల పల్లావరం దగ్గర లాడ్జీలున్నాయి. తెల్లవారుజాము విమానానికి సౌకర్యం, కానీ ఎదురుగా ఉన్న జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు హోరుకు నిద్ర పట్టదు. ఒక పూట సమయముంటే టి.నగర్‌లో దిగడం నాకు ఇష్టం, మన భోజనం దొరుకుతుంది. విమానాశ్రయం నుంచి మెట్రో ఎక్కితే లిటిల్ మౌంట్ దాకా వంతెన మీదే వెళుతుంది. కత్తిపారా కూడలి మెలికలన్నీ దాని కిటికీలోంచి కనిపిస్తాయి. తర్వాత సైదాపేట నుంచి భూగర్భం. సాయంత్రం ఖాళీ ఉంటే పరంగిమలై మెట్లెక్కండి. అక్కడి నుంచి రన్‌వే అంతా కనిపిస్తుంది, ఆ రోజు విమానాలు ఎటు నుంచి దిగుతున్నాయో చూసి, మరుసటి రోజు అదే వేళకు విమానముంటే సీటు ఏ వైపో అక్కడే ఫోనులో నిర్ణయించుకోవచ్చు.