‘నాన్నకు చెప్పకండి సిస్టర్’: దాచాలా, చెప్పాలా?

క్యాన్సర్ వార్డుల్లో నర్సులు తరచూ వినే మాట ఇది. జబ్బు క్యాన్సరని చెప్పొద్దని బయట కొడుకు బతిమాలతాడు. లోపల తండ్రి సెలైన్ వైపు చూస్తూ, “ఈ ఎర్ర మందు దేనికమ్మా?” అని అడుగుతాడు.

కుటుంబం మాట నిలబెడితే ఆ పూటకు గొడవ ఉండదు. ఆయన ధైర్యం చెడకూడదనే వాళ్ల ఆరాటంలో ఉన్నది ప్రేమే, కాదనలేం. కానీ ఆ మందు డాక్సోరుబిసిన్ అనే కీమో (క్యాన్సర్ కణాలను చంపే) మందు అయితే ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని ఆయన హడలిపోతారు. అంతకన్నా పెద్ద ప్రమాదం జ్వరం. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటితే వెంటనే ఆసుపత్రికి రావాలి. ‘బలానికి ఇంజెక్షన్’ అని నమ్మిన మనిషి పారాసిటమాల్ వేసుకుని పడుకుంటారు.

మరి నిజం చెప్పేస్తే? జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో మొదటిదే సమాచార హక్కు. అయినా జబ్బు పేరు మొదటిసారి చెప్పాల్సింది డాక్టరు. నైట్ డ్యూటీలో నర్సు ఒక్కతే ఆ మాట అనేస్తే, తర్వాత వచ్చే ప్రశ్నలకు జవాబిచ్చేవారు పక్కన ఉండరు.

నా మొగ్గు నిజం వైపే. అయితే అబద్ధం ఆడకుండా, “డాక్టరు గారు మీకు ఏం చెప్పారు? ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది?” అని అడిగి, ఆయన జవాబును కేస్ షీట్‌లో రాసి, పొద్దున్నే డాక్టరుకు చెప్పడం మేలు. నాకేమీ తెలియనక్కర్లేదని ఆయనే అంటే, వివరాలు ఎవరికి చెప్పాలో కూడా ఆయన్నే అడగాలి.