ఫాస్టర్ తల్లిదండ్రుల ఎంపిక: అందరి దగ్గరా ముందే హామీ తీసుకోవాలా, పిల్లల్ని బట్టి ఇల్లు చూడాలా?

అమెరికాలో సొంత తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబాల ఇళ్లలో ఉంచుతుంది, దాన్నే ఫాస్టర్ కేర్ అంటారు. ఆ పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవాలంటే వేలిముద్రలు, పోలీసు రికార్డు, ఇంటి తనిఖీ, ఇంటర్వ్యూలు అన్నీ దాటాలి. ఆరెగాన్ రాష్ట్రం ఇంకొకటి కలిపింది. పిల్లల జెండర్ గుర్తింపు (తాము అబ్బాయో, అమ్మాయో, మరొకటో అని వాళ్లకు అనిపించేది) ఏదైనా, దాన్ని వాళ్లు ఎలా కనబరిచినా గౌరవించి, అంగీకరించి, అండగా ఉంటామని దరఖాస్తు పెట్టిన వాళ్లంతా ఒప్పుకోవాలంది. మత విశ్వాసం వల్ల ఒప్పుకోలేనని ఒక తల్లి కోర్టుకెక్కారు. 2025 జులైలో ఆరెగాన్ కేసుల మీద అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు (తొమ్మిదో సర్క్యూట్) ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో ఆమె వైపు మొగ్గింది.

హామీ కావాలనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆరేళ్లప్పుడు వచ్చిన పాప పన్నెండేళ్లకు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, గౌను వేసుకోనని భీష్మించుకుంటే? అది పడని ఇల్లయితే మళ్లీ సంచి సర్దాలి. కొత్త ఇల్లు, చాలాసార్లు కొత్త బడి కూడా. పైగా అర్ధరాత్రి అత్యవసరంగా తెచ్చిన పిల్లలకు తగిన ఇల్లు వెతికే తీరిక ఎవరికుంటుంది?

కానీ సంతకానిదేముంది, ఎవరైనా పెడతారు. నిజాయితీగా "నావల్ల కాదు" అన్నవాళ్లు బయటే ఆగిపోతారు, లోపల ఒకటి పెట్టుకుని తలూపినవాళ్లు దర్జాగా లోపలికొస్తారు. నాకు హామీ మీద నమ్మకం లేనిది ఇందుకే.

పిల్లల్ని బట్టి ఇల్లు చూడటం కొత్తేం కాదు. ఏ వయసువాళ్లు కావాలి, ఎంతమందిని చూసుకోగలరు, జబ్బులున్నా ఫర్వాలేదా అని ఇప్పుడూ అడుగుతారు. కొన్నాళ్ల పాటే ఉండే పిల్లల విషయంలో నా ఓటు దీనికే. ఏళ్ల తరబడి ఉండేవాళ్ల విషయంలో మాత్రం ఇది చాలదు. అక్కడ సంతకం బదులు సందర్భం చెప్పి అడగాలి. "పదేళ్ల బాబు గోళ్లకు రంగేసుకుని బడికెళ్తానంటే ఏం చేస్తారు? భోజనాల దగ్గర మీ అన్నయ్య వాణ్ని ఎగతాళి చేస్తే ఏమంటారు?" రెండో ప్రశ్నకొచ్చే జవాబే అసలు సంగతి చెబుతుంది. "నాకూ ఇబ్బందే, కానీ వాణ్ని ఎవర్నీ ఒక్క మాట అననివ్వను" అన్న మనిషిని, అప్పజెప్పినట్టు జవాబిచ్చినవాళ్లకంటే ఎక్కువ నమ్ముతాను.

దరఖాస్తు పెట్టింది ట్రాన్స్ వ్యక్తి అయినా ఇవే ప్రశ్నలు. వాళ్ల బట్టల గురించి అడగాల్సిన పనే లేదు.

అవమానించడం, కొట్టి "మార్చాలని" చూడటం ఏ పద్ధతిలోనూ కుదరదు, దానికి ఏ నమ్మకమూ సాకు కాదు. ఇక జవాబుల్ని ఫైల్లో పడేసి మర్చిపోకుండా, ఫాస్టర్ తల్లిదండ్రుల లైసెన్సు రెన్యువల్‌కు వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడగాలి. అప్పుడు పిల్లల్ని కూడా విడిగా కూర్చోబెట్టి అడగాలి.