నల్లగొండ గడియారం సెంటర్‌లో తిండి: బోర్డు చూసి పోవద్దు, వేళ చూసి పోవాలి

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో సోమేశ్వరాలయాలు రెండూ పొద్దున పూటే చూసేయొచ్చు. రాయాల్సింది ఆ తర్వాత భోజనం గురించి.

గడియారం సెంటర్ దగ్గర అద్దాల తలుపులున్న ఓ ఏసీ హోటల్. బయట పెద్ద అక్షరాలతో నాటుకోడి పులుసు. టైము మూడున్నర. పులుసు 340, రెండు చికెన్ బిర్యానీలు 480, రెండు నీళ్ల సీసాలు 40, మొత్తం 860. దాని మీద సర్వీస్ చార్జి 43, ఆ పైన జీఎస్టీ 45. పులుసులోని కోడి కాలి ఎముకను మా పెద్దమ్మ రెండు వేళ్లతో పట్టి వంచితే పుటుక్కున విరిగింది. "ఇది గుడ్లు వెట్టి వెట్టి ముసలైన ఫారం కోడి బిడ్డా, నాటుకోడి గాదు" అని కంచం పక్కకు జరిపింది. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆమె మాటే నిజం. గుడ్ల కోసం పెంచిన కోడి ఒంట్లోని కాల్షియం పెంకులకే పోతుంది, ఎముక పెళుసైపోతుంది. ముదురు కోడి కాబట్టి మాంసం గట్టిగానే ఉంటుంది. ఆ గట్టిదనం చూపించే నాటుకోడి అని అమ్ముతారు. నాటుకోడి ఎముక అంత తేలిగ్గా విరగదు. మాంసం రంగు ముదురు, చర్మం కింద కొవ్వు తక్కువ. ముక్క తోలు కింద పసుపుపచ్చ కొవ్వు మందంగా కనిపిస్తే అనుమానించాల్సిందే.

కొర్రమీను పేరుతోనూ ఇదే మోసం. కొర్రమీనుకు నడిమి ముల్లే, మాంసంలో సన్న ముళ్లు దాదాపు ఉండవు. నోట్లో చీలిన సన్న ముళ్లు గుచ్చుకుంటుంటే మీరు తింటున్నది బొచ్చో రవ్వో. అవీ మంచి చేపలే, కానీ కొర్రమీను ధర ఎందుకివ్వాలి?

బిర్యానీ దగ్గర తప్పు వేళది. చాలా చోట్ల మొదటి హండీ పన్నెండు, పన్నెండున్నరకు తీస్తారు. రెండో హండీ రాత్రి ఏడు దాటాకే. మధ్యలో మూడు నుంచి ఆరు దాకా పెట్టేది మిగిలిందే. మళ్లీ వేడి చేస్తే మెతుకు పైన ఎండి గట్టిపడుతుంది, ముక్క పీచుపీచవుతుంది. కూర్చునే ముందే "హండీ ఎప్పుడు తీసిన్రు?" అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే టీ తాగి లేచిపోండి. అడుగు నుంచి కలిపి పెట్టమనడం మరిచిపోవద్దు. మసాలా, ముక్కలు అక్కడే ఉంటాయి.

బిల్లు సంగతి. సర్వీస్ చార్జి బలవంతంగా వేయకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. తీసేయమంటే ఆ 43 తీసేశారు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జీఎస్టీ వేసిన బిల్లు మీద 36తో మొదలయ్యే జీఎస్టీ నంబరుండాలి. కాంపొజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న హోటల్ అయితే మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు.

పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నర లోపే తినండి, ఆ తర్వాత పల్లీ చట్నీలో నీళ్లు పెరుగుతాయి.

రాత్రికి మాత్రం రోడ్డు పక్క జొన్నరొట్టెల బండినే వెతకండి. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో చరిచి, పెనం మీద నీళ్లు రాసి కాల్చే చోటు. జొన్నపిండిలో జిగురుండదు, చన్నీళ్లతో కలిపితే అంచులు పగిలిపోతాయి. అందుకే వేడినీళ్ల గిన్నె పొయ్యి పక్కన ఉందో లేదో ముందు చూడండి. రొట్టె 20, బోటీ కూర 80, పచ్చి పులుసు అడిగితే ఊరికే పోశారు. రొట్టె చల్లారితే గట్టిపడుతుంది, ఒక్కొక్కటే చెప్పించుకోండి. పెద్దమ్మ మూడు తిని, ఆ రోజు మొదటిసారి నవ్వింది. తొమ్మిదిన్నరకు పిండి అయిపోయింది, ఎనిమిదికల్లా వెళ్లండి.