గూగుల్ ప్లే కన్సోల్: జిల్లాల్లో సొంతంగా యాప్‌లు చేసేవాళ్లకు ఎంత పనికొస్తుంది?

నల్లగొండ బత్తాయి రేట్లు చూపే యాప్ అయినా, మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం తూకాలు రాసుకునే యాప్ అయినా, వాడేవాళ్లలో ఎక్కువ మంది చేతిలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోనే. ప్లే స్టోర్‌లో పెట్టక తప్పదు, అలా పెట్టేందుకు డెవలపర్లు వాడే గూగుల్ వెబ్‌సైటే ప్లే కన్సోల్. రిజిస్ట్రేషన్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. యాపిల్‌కైతే ఏటా 99 డాలర్లు, ఆపైన మ్యాక్ ఖర్చు.

తలనొప్పి టెస్టింగ్‌తో మొదలవుతుంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్ అయితే యాప్‌ను అందరికీ వదిలేముందు కనీసం 12 మంది వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు పిలిచినవాళ్లే వాడి చూసే దశలో) ఉండాలి. మొదట్లో 20 మంది అన్నారు, అది మరీ అన్యాయం. వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఫైల్) పంపిస్తే లెక్కలోకి రాదు. లిస్టులో ఇచ్చిన జీమెయిల్‌తోనే లింకు తెరిచి చేరాలి. ఫోన్‌లో రెండు జీమెయిళ్లుండి ప్లే స్టోర్ రెండోదానితో తెరుచుకుంటే యాప్ కనిపించదు. పదిహేను మందిని చేర్చుకోండి, ఒకరిద్దరు జారిపోయినా గండం గడుస్తుంది.

అప్‌డేట్ల ఏర్పాటు మాత్రం బాగుంది. ముందు 5 శాతం మందికే వదిలి, ఏ ఫోన్ మోడల్‌లో క్రాష్ అవుతోందో కన్సోల్‌లోని వైటల్స్ పేజీలో చూసి, తేడా కొడితే ఆపేయొచ్చు. కానీ అప్పటికే అప్‌డేట్ అయినవాళ్లు వెనక్కి పోరు. పాత కోడ్‌నే వర్షన్ కోడ్ (అప్‌డేట్ వరస నంబర్) పెంచి మళ్లీ ఎక్కించాలి.

అమ్మకాలపై గూగుల్ తీసుకునే కమీషన్ గురించి అందరూ గొడవపడతారు గానీ, ఏటా వచ్చే మొదటి 10 లక్షల డాలర్ల ఆదాయంపై దాన్ని 2021 జులైలోనే 15 శాతానికి తగ్గించారు. అసలు బరువు ఏటా వచ్చే టార్గెట్ ఏపీఐ (యాప్‌ను ఏ ఆండ్రాయిడ్ వర్షన్‌కు తగ్గట్టు చేశారో చెప్పే నంబర్) గడువు. 2025లో ఆగస్టు 31కల్లా ఏపీఐ 35 అన్నారు. గడువు దాటితే అప్‌డేట్ ఎక్కదు. మరీ వెనకబడ్డ యాప్ కొత్త ఫోన్లవాళ్లకు స్టోర్‌లో కనిపించదు కూడా.

ఇంత సతాయించినా ఎందుకు వదలరంటే, ఇన్‌స్టాల్‌లు, రేటింగ్‌లు ప్లే స్టోర్‌లో ఆ యాప్ ప్యాకేజీ పేరుకే (దాని గుర్తింపు పేరుకే) అతుక్కుని ఉంటాయి, వేరే స్టోర్‌కు రావు. సైనింగ్ కీ (యాప్ మీదేనని చూపే డిజిటల్ సంతకం వేసే కీ) గూగుల్ తయారుచేసిందైతే అది మీ చేతికి రాదు. బయట మీ కీతో ఏపీకే ఇస్తే ప్లే నుంచి వచ్చిన యాప్ మీద అది ఎక్కదు. పాతది తీసేసి వేసుకోవాలి, ఫోన్‌లోనే దాచుకున్న మిల్లు లెక్కలు దాంతోపాటే పోతాయి. అందుకే మొదటి రిలీజ్‌కు ముందే సైనింగ్ సెట్టింగ్స్‌లో సొంత కీ ఎక్కించి, దాని కాపీని పాస్‌వర్డ్‌తో సహా రెండుచోట్ల దాచిపెట్టండి.